కుందేలు కాని కుందేలు



తెలుగు పండితుడిగా ముప్పైమూడేళ్ళు పనిచేసి 2016లో పదవీ విరమణ చేశాను. ఆ ముప్పైమూడేళ్ళలో సింహాన్ని నూతిలోకి దూకించిన కుందేలు కథను ఎన్ని తరగతులకు చెప్పి ఉంటానో లెక్క లేదు. కుందేలు ఏమి తింటుందో మాత్రం నాకు పదవీ విరమణ తరువాతనే తెలిసింది. అదీ నా చేతిలో ఒక ప్రాణం పోబోతుండగా తెలిసింది. ఆ సంగతి చెప్పాలంటే కొంత సొంత గోడు, కొంత చరిత్ర, కొంత వ్యాకరణం కలిపి చెప్పక తప్పదు. ఓపిక గలవారు చదవగలరు.

మాది జలంత్రకోట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానమన్న పేరు ఉద్యానం నుండి వచ్చిందని పెద్దలంటారు. ఆ ఉద్యానం ఒక్క పూటలో నేలకు ఒరిగిపోయింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. జీడితోట సంగతీ అంతే. అంతకాలం ఏమి తిని బతకాలి? విశాఖకని కొందరు, హైదరాబాదుకని కొందరు ఇళ్ళకు తాళాలు వేసి బయలుదేరారు. మా వీధి చివరి ఇంటివారు కూడా దీపావళి చూడకుండానే వెళ్ళిపోయారు. వారిని తప్పుపట్టడానికి ఈ టపా వ్రాయడం లేదని ముందే మనవి.

నవంబరు నెల సగం గడిచాక, తుపానుకు ఎగిరి వారి పెరట్లో పడిన మా పశువులశాల రేకు తెచ్చుకుందామని వెళ్ళాను. అక్కడ కోళ్ళగూడు ఒకటి ఉన్నది. నాలుగు వైపులా ఇనుప వల, అడుగున కూడా వలే. లోపల ఒక మూల ఏదో మురికి గుడ్డ ముద్ద అనుకున్నాను. ఆ ముద్దకు ఎర్రని కన్ను ఉన్నది.

పక్కింటి ముసలమ్మ గోడ అవతలినుండి చెప్పింది. "రెండుండేవి మేస్టారూ. గాలివాన రాత్రి ఒకటి పోయింది. ఒగ్గేస్తే కుక్కలు పీకేస్తాయని దీన్ని గూట్లోనే ఉంచినాను. ఏటి తింటాదో నాకేటి తెలుసు? రోజూ గుప్పెడు మెతుకులు ఏస్తన్నాను." ఆమెకు తెలిసినదేదో ఆమె చేసింది. ఆమె వేసిన మెతుకులే లేకుంటే నేను వెళ్ళేటప్పటికి ఆ రెండవది కూడా ఉండేది కాదు.

ఇంటికి తెచ్చాను. చెవుల లోపల పొక్కులు కట్టిన గజ్జి. గోళ్ళు కొడవళ్ళలాగా వంకర తిరిగి ఉన్నాయి. వెనుక కాళ్ళ మడమల కింద బొచ్చు పోయి పుండ్లు పడ్డాయి. ముందు పళ్ళు పెరిగి పెదవికి గుచ్చుకుంటున్నాయి. నాకు జాలి వేసింది. ఆ జాలితోనే, కుందేలంటే క్యారెట్టు తింటుందని బొమ్మల పుస్తకాలలో చూసిన జ్ఞానంతో, రెండు క్యారెట్లు, నాలుగు బిస్కట్లు, ఒక గిన్నెలో చక్కెర కలిపిన పాలు పెట్టాను. మరునాటి ఉదయానికి అది కదలలేదు, పెంటిక వేయలేదు, నీళ్ళు ముట్టలేదు.

పశువుల ఆసుపత్రిలో వైద్యుడు చిన్నవాడు. నేను పెట్టిన పథ్యం విని తల పట్టుకున్నాడు. "మేస్టారూ, కడుపు విషయంలో ఇది చిన్న గుర్రం అనుకోండి. గడ్డి లోపలికి పోతూనే ఉండాలి. పన్నెండు గంటలు తినకపోతే ఇక ప్రాణం మీదికి వచ్చినట్టే," అన్నాడు. పళ్ళు అరగదీశాడు, గోళ్ళు కత్తిరించాడు, గజ్జికి ఐవర్‌మెక్టిన్ సూది వేశాడు. గరిక కోసుకువచ్చి ముందర పెట్టుకొని కూర్చోమన్నాడు. ఆ రాత్రి రెండు గంటలకు అది ఒక పోచ నోట పట్టుకున్నది. ఆ నమిలే చప్పుడు కోసం నేనూ మా ఇంటావిడా దీపం పెట్టుకొని కూర్చున్నాము.

అప్పుడే నాకొక ప్రశ్న పుట్టింది. ఇంత సాహిత్యం చదివాను కదా, ఇందులో కుందేలు లేని చోటు లేదు కదా, గరిక అన్న ఒక్క మాట నాకెందుకు తెలియలేదు?

మన కుందేలు ఎంత పాతదో చూడండి. వ్యాకరణంలోనే అది తన జాడ విడిచింది. కుందేలు, కుందేటి, వాకిలి, వాకిటి. ఔపవిభక్తికాలు చెప్పేటప్పుడు ఈ రెండూ నా నోట జంటగా వచ్చేవి. ఉండనిదానికి కుందేటి కొమ్ము, మొండిపట్టుకు మూడుకాళ్ళ కుందేలు. చంద్రుడికి శశాంకుడని పేరు ఇచ్చినదీ కుందేలే. చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలో, మిత్రభేదంలో, సింహాన్ని చంపిన కుందేలు ఉన్నది. చంద్రబింబాన్ని చూపి ఏనుగుల మందను సరస్సు నుండి తరిమిన కుందేలు విగ్రహతంత్రంలో ఉన్నది.

అంతకన్నా పాతది శశజాతకం. బోధిసత్త్వుడు కుందేలుగా పుట్టి, బ్రాహ్మణ వేషంలో వచ్చిన శక్రునికి పెట్టడానికి వేరే ఏమీ లేక తన దేహాన్నే నిప్పులలో వేయబోయిన కథ. ఇది మన నేలమీద రాతిలో కూడా ఉన్నది. పల్నాడులోని గోలి గ్రామం వద్ద దొరికిన స్తూప ఫలకాలలో ఈ కథ కనిపిస్తుంది. టి.ఎన్. రామచంద్రన్ 1929లో ఆ శిల్పాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే ప్రకటించారు. ఈ జాతకంలో నాకు ఎప్పుడూ గుర్తుండే ఘట్టం ఒకటి. నిప్పులలో దూకే ముందు కుందేలు తన ఒళ్ళు మూడుసార్లు విదిలించుకుంటుంది, బొచ్చులోని పురుగులు తనతోపాటు కాలిపోకూడదని. మా ఇంటికి వచ్చిన అతిథి చెవులలోని గజ్జిపురుగులను సూదితో చంపించినప్పుడు ఈ ఘట్టం తలచుకొని కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

ఇక రెండవ వైపు. వాలి నేలకూలి రాముడిని నిందించేటప్పుడు, అయిదు గోళ్ళ జంతువులలో అయిదే భక్ష్యాలని చెప్పి, ఆ అయిదింటిలో శశాన్ని చేరుస్తాడు. కోతి అందులో లేదు, మరి నన్నెందుకు చంపావని అతని వాదం. పతంజలి మహాభాష్యంలో ఇదే నియమాన్ని ఒక ఉదాహరణగా వాడుకున్నాడు. అంటే శశం మన పూర్వులకు చక్కగా తెలిసిన వేట, చక్కగా తెలిసిన ఆహారం. వేటకుక్కల మీద తిరగబడ్డ కుందేలును చూసి రాజు అక్కడే పట్టణం కట్టించాడన్న విజయనగర గాథ ఒకటి ఉన్నది. ఆ ఊరికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 1535 ప్రాంతంలో దానిని వ్రాసిపెట్టాడు. గాథను గాథగానే తీసుకోవాలి. అయినా ఆ కథలోనూ కుందేలు ఉన్నది అడవిలోనే.

చిక్కంతా ఇక్కడ ఉన్నది. నీతిలో ఉన్నది, వేటలో ఉన్నది, విస్తట్లో ఉన్నది, చంద్రబింబంలో ఉన్నది. ఇంటిలో మాత్రం లేదు. ఆవుకు దూడకు, మేకకు, కుక్కకు, చిలుకకు, పావురానికి మన ఇళ్ళలో తరతరాల వాడుక ఉన్నది. గుర్రానికి శాలిహోత్రుని శాస్త్రం, ఏనుగుకు పాలకాప్యుని శాస్త్రం ఉన్నాయి. తెలుగులోనే మనుమంచి భట్టు హయలక్షణసారం వ్రాశాడు. కుందేలుకు శాస్త్రం లేదు, ఎందుకంటే దానిని ఎవరూ పెంచలేదు.

పెంచకపోవడానికి కారణం ఉన్నది. మన కథలలోని జంతువు వేరు, మా వీధిచివర గూటిలో ఉన్న జంతువు వేరు!

మన కుందేలు నల్లమెడ కుందేలు. ఫ్రెడెరిక్ కువియర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1823లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అది బొరియ తవ్వదు. గడ్డిలో తన ఒంటికి సరిపడా చిన్న పల్లం చేసుకొని ఒంటరిగా పడుకుంటుంది. దాని పిల్ల పుట్టుకతోనే బొచ్చుతో, తెరచిన కళ్ళతో పుడుతుంది. జీడితోటలలో తెల్లవారుజామున ఇప్పటికీ ఒకటీ అరా కనబడుతూనే ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత జంతువు. పట్టడమూ పెంచడమూ నేరం.

సంతలలో అమ్మే తెల్లని జీవి ఐరోపాలోని స్పెయిను దేశపు సంతతి. గుంపుగా బతుకుతుంది, బొరియలు తవ్వుతుంది, పిల్లలు బొచ్చు లేకుండా గుడ్డిగా పుడతాయి. మొదటిదానికి కణంలో 48 క్రోమోసోములు, రెండవదానికి 44. రెండింటినీ కలిపినా పిల్లలు పుట్టవు. లాటిను వారు వీటిని చక్కగా విడదీశారు. ఒకటి లెపుస్, మరొకటి కునికులుస్. ఈ రెండవ మాటకు సొరంగమనే అర్థం కూడా ఉన్నది. బొరియ తవ్వే గుణం పేరులోనే కనబడుతుంది. ఇంగ్లీషువారికీ హేర్, రాబిట్ అని రెండు మాటలు. పూర్వం ఇంగ్లీషులో పెద్దదానిని కోనీ అనేవారట, రాబిట్ అంటే దాని పిల్ల మాత్రమే. కాలక్రమాన పిల్ల పేరు తల్లికి వచ్చింది. ఇంతకీ మనకు ఒకే కుందేలు. కొత్త జంతువు ఓడ దిగి వచ్చింది, మనం దానికి పాత పేరు తొడిగాము. పేరుతోపాటు దానిని గురించి మనకు తెలిసిందనే భ్రమ కూడా తొడిగాము.

ఈ స్పెయిను జీవి చరిత్ర వినదగినది. రోములో హాద్రియన్ చక్రవర్తి వేయించిన నాణేలపై స్పెయిను దేశాన్ని స్త్రీమూర్తిగా చూపి, పాదాల వద్ద ఈ జంతువును చెక్కించారు. బలెయారిక్ ద్వీపవాసులు వీటి బెడద పడలేక సైన్యాన్ని పంపమని అగస్టస్‌ను వేడుకున్నారని ప్లినీ వ్రాశాడు. రోమనులు వీటిని గోడలు కట్టిన ఆవరణలలో ఉంచి తినేవారు. మచ్చిక చేసుకున్నది ఎవరు, ఎప్పుడు అన్నదానిపై చాలాకాలం ఒక కథ చలామణి అయింది. క్రీ.శ. 600 ప్రాంతంలో పోపు గ్రెగొరీ, పుట్టని కుందేటిపిల్లలు మాంసం కిందికి రావనీ ఉపవాస దినాలలో తినవచ్చుననీ ఆజ్ఞ ఇచ్చాడట. అందుకే ఫ్రాన్సులోని మఠాలలో సన్యాసులు వీటిని పెంచడం మొదలుపెట్టారట. పెద్ద పెద్ద శాస్త్రగ్రంథాలు కూడా ఈ మాటను ఒకదానినుండి ఒకటి ఎత్తివ్రాసుకున్నాయి. 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మూలం వెదికితే అసలు అటువంటి ఆజ్ఞే లేదు! ఉన్నదల్లా పోపు కాని మరొక గ్రెగొరీ, టూర్ నగరపు బిషప్పు, ఉపవాస దినాలలో కుందేటిపిల్లలను తిన్న ఒక దుర్మార్గుని గురించి వ్రాసిన రెండు వాక్యాలు. ఇద్దరు గ్రెగొరీలు ఒకరయ్యారు, నింద కాస్తా అనుమతి అయింది. తాళపత్ర ప్రతులు పరిష్కరించినవారికి ఈ రకం పొరపాట్లు కొత్తకావు. మచ్చిక ఒక రోజున జరిగినది కాదనీ, వేట, ఆవరణ, గూడు, ముద్దు అన్న మెట్లమీదుగా శతాబ్దాల తరబడి సాగినదనీ ఇప్పటి అభిప్రాయం.

తక్కినది అందరికీ తెలిసినదే. 1859లో టామస్ ఆస్టిన్ అనే దొర వేటసరదాకు ఇంగ్లండు నుండి ఇరవైనాలుగింటిని ఆస్ట్రేలియాకు తెప్పించుకున్నాడు. అవి ఖండమంతా అల్లుకున్నాయి. 1950లో ఒక వైరసును వదిలి కోట్లాదిగా చంపవలసివచ్చింది. మన దేశంలో ప్రభుత్వ సంస్థలు ఉన్నికీ మాంసానికీ ఈ జాతులను ప్రోత్సహించాయి. న్యూజిలాండ్ వైట్ అనే తెల్లని ఎర్రకన్నుల జాతి అలా ఊరూరా తిరిగింది. దాని పేరు కూడా అబద్ధమే. ఆ జాతిని తయారుచేసింది అమెరికాలో. పెంపకపు షెడ్ల నుండి సంతకు, సంత నుండి జాతరకు, జాతరలో పిల్లల చేతికి. మా వీధివారి పిల్లవాడికి దొరికింది కూడా ఒక జాతరలోనే.

ఇక్కడ మా ప్రాంతం మాట ఒకటి చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యే వరకు మేము గంజాం జిల్లావారము. జలంత్ర ఆ జిల్లాలోని చిన్న జమీందారీలలో ఒకటి. అదే గంజాంలో, ఋషికుల్యా నది ఒడ్డున, జౌగడ ఉన్నది. ఉద్యోగంలో ఉండగా ఒక వేసవిలో ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా వెళ్ళి ఆ బండను చూసి వచ్చాను. అశోకుని శాసనాలు దానిమీద ఉన్నాయి. కళింగవాసులకు బాధ కలిగిస్తుందనో ఏమో, యుద్ధాన్ని గూర్చిన పదమూడవ శాసనాన్ని అక్కడ చెక్కించలేదు. రెండవ శాసనాన్ని మాత్రం చెక్కించాడు. మనుషులకూ పశువులకూ రెండు విధాల చికిత్సలు ఏర్పాటు చేశాననీ, మూలికలు లేనిచోటికి తెప్పించి నాటించాననీ, దారుల వెంట నూతులు తవ్వించాననీ చెప్పినది ఆ శాసనంలోనే. లక్షమంది చచ్చిన నేలమీద పశువుల వైద్యం మాట చెక్కించిన రాజు!

ఈ బండ మీది వ్రాతకు 1850లో నకలు తీసినవాడు వాల్టర్ ఇలియట్. ఉత్తర సర్కారుల కమిషనరు. అమరావతిలో త్రవ్వకాలు జరిపినవాడు కూడా అతడే. ఈయన దక్షిణ మరాఠా దేశపు క్షీరదాల పట్టిక ఒకటి 1839లో ప్రకటించాడు, 1859లో ఫ్లోరా ఆంధ్రికా అని మన మొక్కల తెలుగు పేర్లతో ఒక పుస్తకం వేశాడు. శాసనమూ, జంతువూ, గడ్డిపోచా ఒకే మనిషికి పట్టిన కాలమది. మా తరం పండితులకు గడ్డిపోచ పట్టలేదు. అమరంలో దూర్వకు ఎన్ని పర్యాయపదాలున్నాయో చెప్పగలను. మా గట్టుమీద దానిని చూసి, కలుపు కదా అని పీకించి పారేశాను.

అశోకునిదే మరొక శాసనం, ఢిల్లీ మొదలైన చోట్ల స్తంభాల మీదిది, అయిదవది. పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్ళకు వేయించినది. చంపకూడని జీవుల జాబితా అందులో ఉన్నది. చిలుకలు, గోరింకలు, గబ్బిలాలు, తాబేళ్ళు. వాటితోపాటు పంనససే అని ఒక మాట. సంస్కృతంలో పర్ణశశం, అంటే ఆకుకుందేలు. కొందరు పండితులు దానిని ఉడుత అన్నారు. కుందేలో ఉడుతో తేలలేదు కాని, జాబితా చివరి మాట నాకు ఎక్కువ నచ్చింది. ఉపయోగానికి రానివీ, తినబడనివీ అయిన నాలుగుకాళ్ళ జంతువులన్నీ రక్షణలోకి వస్తాయన్నాడు. మా ఇంటి అతిథి సరిగ్గా అదే. ఉన్ని లేదు, పాలు లేవు, కాపలా లేదు, మేము తినము.

ఆధునిక కాలంలో ఆ పని చట్టానికి వచ్చింది. నర్తకిగా పేరుపొందిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో జంతుహింస నివారణకు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ మాట ఇచ్చిన మీదట దానిని వెనక్కు తీసుకున్నారు; 1960లో చట్టం వచ్చింది. కదలడానికి చాలినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని గూటిలో జంతువును ఉంచడమూ, తిండీ నీరూ పెట్టకపోవడమూ దాని పదకొండవ సెక్షను కింద నేరాలు. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలు మొదలు యాభై రూపాయలు. జాతరలో కుందేటిపిల్ల వెల అంతకు ఎన్నో రెట్లు. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు నిబంధనలు వచ్చాయి. జాతరలో బుట్టలో పెట్టి అమ్మేవాడి దగ్గరకు అవి ఇంకా నడిచిరాలేదు.

పేరు తప్పితే ఎప్పుడూ ప్రాణహాని అనుకోవద్దు. టెక్కలి దగ్గర తేలినీలాపురం సంగతి చూడండి. అక్కడి చింతచెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఊరివారు ఆడపడుచులలాగా చూసుకుంటారు. సైబీరియా నుండి వచ్చిన విదేశీ పక్షులని వారి నమ్మకం, పత్రికలు కూడా అలాగే వ్రాస్తాయి. నిజానికి ఆ రెండూ మన దేశపు పక్షులే. ఆ పొరపాటుతో నష్టం లేదు, ఎందుకంటే పక్షి తన తిండి తానే వెదుక్కుంటుంది. మనం కొట్టకుండా ఉంటే చాలు. గూటిలోని జీవికి అలా కాదు, మన అజ్ఞానం దాని కంచంలోకి నేరుగా వస్తుంది.

మళ్ళీ మా పెరటిలోకి వస్తాను.

కోళ్ళగూటి అడుగున వల తీసివేసి, నేలమీద గోనెసంచులు, వాటిపై ఎండుగడ్డి పరిచాను. వారం తిరిగేసరికి మడమ పుండ్లు ఎండడం మొదలైంది. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయట. గడ్డి నమిలినంతకాలమే అవి అరుగుతాయి. మెతుకులకు నమలడం ఏమున్నది? పచ్చిగరిక రోజంతా, వానాకాలానికి ఎండబెట్టి దాచిన గరిక. కొంచెం మునగాకు, కొత్తిమీర కాడలు. క్యారెట్టు పండుగనాడు ఒక ముక్క. స్నానం చేయించరాదు. చెవులు పట్టుకొని ఎత్తరాదు, వెనుక కాళ్ళకు చేయి ఆనించి ఎత్తాలి, లేకుంటే అది తన్నుకునే వేగానికి దాని నడుమే విరుగుతుంది. కుక్కల గోమార్లకు వేసే ఫిప్రోనిల్ మందు దీనికి విషం. నోటిద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు కూడా కడుపును పాడుచేస్తాయి. మా తీరపు ఉక్క దానికి పెద్ద శత్రువు. దానికి చెమట పట్టదు, వేడిని చెవులగుండా పోగొట్టుకుంటుంది. వేసవి మధ్యాహ్నాలలో తడిపిన గోనె గూటిమీద కప్పి, నీళ్ళు పోసిన మట్టికుండ ఒకటి పక్కన పెట్టేవాళ్ళము. అది ఆ కుండకు ఆనుకొని పడుకునేది.

రాత్రి వేసిన మెత్తని పెంటికలను అదే తిరిగి తింటుంటే మా ఇంటావిడ ఏవగించుకున్నది. అది రోగం కాదనీ, ఒకసారి అరగని గడ్డిలోని సారాన్ని రెండవసారి తీసుకునే పద్ధతి అనీ వైద్యుడు చెప్పాడు. ఆవు నెమరువేస్తే ముచ్చటగా చూస్తాము కదా, ఇదీ అటువంటిదే అని నచ్చజెప్పాను.

పేరు శశి అని మనవరాలు పెట్టింది. పండితుని ఇంట ఈ దోషం జరగకూడదు. శశి అంటే శశము కలవాడు, చంద్రుడు. కుందేలునే కుందేలు కలవాడనడం కుదరదు. వ్యుత్పత్తి ప్రకారం ఆ పేరు నాకు చెల్లుతుంది అన్నాను. మనవరాలు ఒప్పుకోలేదు, పేరు నిలిచిపోయింది.

2019 వేసవిలో వీధి చివరి ఇంటివారు తోట బాగుచేసుకోవడానికి వచ్చారు. పిల్లవాడికి అప్పుడు పదేళ్ళు ఉంటాయి. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తున్నాడు. కుందేలును అడిగి తీసుకుపోతాడేమోనని నాకు భయం వేసింది. దానిని గురించి నాలో ఒక కోపమూ ఉన్నది. వాడి కళ్ళు చూశాక ఆ కోపం నిలువలేదు. "నేను రోజూ నా కంచంలో అన్నమే పెట్టేవాడిని తాతగారూ. అమ్మ తినమన్న పాలు కూడా దీనికే పోసేవాడిని. పక్కింటి మామ్మకు అప్పచెప్పి వెళ్ళాను," అన్నాడు. తన నోటి ముద్ద తీసిపెట్టాడు వాడు. నేను మొదటి రాత్రి పెట్టిన చక్కెర పాలకూ వాడి పాలకూ భేదమేమీ లేదు. నాకు ఆసుపత్రి దొరికింది, వాడికి దొరకలేదు.

"తీసుకుపోతావా?" అని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించాడు. వాళ్ళు విశాఖలో ఉండేది రేకుల గది అనీ, మధ్యాహ్నం వేడిగా ఉంటుందనీ చెప్పి, "ఇక్కడే ఉండనీయండి," అన్నాడు. ఆ నెల రోజులూ సాయంత్రం కాగానే కొడవలి పట్టుకొని గట్టు మీదికి వెళ్ళి గరిక కోసుకువచ్చేవాడు. తరువాతి వేసవులలో కూడా వచ్చినప్పుడల్లా అంతే.

భాషాభిమానులైన మిత్రులకు ఒక మనవి ఉన్నది. మన నిఘంటువులలో కుందేలుకు చెవులపిల్లి అని మరొక పేరు ఉన్నది. తెలంగాణలోనూ సీమలోనూ వాడుకలో కూడా వింటాము. అడవిలోదానికి కుందేలు అన్న పేరు ఉంచి, ఇంట పెంచేదానికి చెవులపిల్లి అన్న మాటను వాడుక చేయవచ్చునా? పిల్లి అనగానే ఇంటిలోది, చూసుకోవలసినది అన్న భావం కలుగుతుంది కదా. పిల్లి మాంసాహారి కనుక మరొక గందరగోళం వస్తుందని మా ఇంటావిడ అభ్యంతరం. మీ అభిప్రాయాలు తెలపగలరు.

శశి 2024 మాఘమాసంలో పోయింది. వైద్యుని అంచనాలో ఏడేళ్ళ వయస్సు. ముందునాటి సాయంత్రం వరకు గడ్డి తిన్నది. పెరట్లో నూతి పక్కన పాతిపెట్టాను. గూడు ఇంకా అక్కడే ఉన్నది. గట్టుమీది గరికను కలుపువాళ్ళు పీకబోతే ఇప్పుడు వద్దంటున్నాను.